ఛాయాగ్రాహకుని పాథేయం

దూరప్రయాణానికి బయలుదేరే బాటసారి తన వెంట తీసుకొనిపోయే ఆహారాన్ని సంస్కృతంలో ‘పాథేయం’ అంటారు. తెలుగువారు దానినే ‘దారిబత్తెం’ అన్నారు. పూటకూళ్ల ఇల్లు ఎంత దూరంలో ఉన్నదో తెలియని రోజుల్లో బాటసారి తన ఆకలిని ముందుగానే ఊహించి, దానికి తగినంత బత్తెం మూట కట్టుకొనేవాడు. మూట మరీ పెద్దదైతే మోయలేడు; మరీ చిన్నదైతే మధ్యదారిలో పస్తు ఉండవలసి వస్తుంది. ఎంత అవసరమో అంతకు కొంచెం ఎక్కువగా తీసుకొనిపోవడమే వివేకం. డిజిటల్ కెమెరాతో బయలుదేరే ఛాయాగ్రాహకునికి కూడా ఇటువంటి పాథేయం ఒకటి కావాలి. అదే బ్యాటరీ.

ఫిల్ము కెమెరాల కాలంలో పరిస్థితి వేరుగా ఉండేది. ఆనాటి అనేక కెమెరాలలో షట్టరు కేవలం స్ప్రింగుల బలంతో పనిచేసేది. నికాన్ ఎఫ్.ఎం.2 వంటి కెమెరాలో బ్యాటరీ వెలుతురును కొలవడానికి మాత్రమే ఉపయోగపడేది. అది అయిపోయినా ఫొటో తీయడం ఆగేది కాదు. ఆనాటి ఛాయాగ్రాహకుని భయమంతా ఫిల్ము చుట్ట అయిపోతుందేమోననే. డిజిటల్ కెమెరాలో కాంతిని గ్రహించే సెన్సరు, దృశ్యాన్ని చూపే తెర, చిత్రాన్ని రూపొందించే ప్రాసెసరు, దానిని దాచిపెట్టే మెమరీ కార్డు అన్నీ విద్యుత్తు మీదనే ఆధారపడి ఉంటాయి. లక్షల రూపాయల విలువ చేసే కెమెరా అయినా బ్యాటరీ నిండుకున్న క్షణంలో కేవలం ఒక బరువుగా మిగులుతుంది.

ఆ క్షణం ఎప్పుడు వస్తుందనేది ముఖ్యమైన విషయం. పెండ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే ముహూర్తం బ్యాటరీ కోసం ఆగదు. తప్పిపోయిన దృశ్యాన్ని డబ్బుతో తిరిగి కొనలేము. అందువల్ల బ్యాటరీ స్వభావాన్ని, దాని సామర్థ్యాన్ని, అదనపు బ్యాటరీల అవసరాన్ని శాస్త్రీయంగా తెలుసుకోవడం కెమెరా పట్టిన ప్రతివారికీ అవసరం.

బ్యాటరీ: పుట్టుక, పరిణామం

ఇంగ్లీషులో ‘బ్యాటరీ’ అనే మాటకు ఒకచోట బారుతీర్చిన ఫిరంగుల సముదాయం అని అర్థం ఉన్నది. 18వ శతాబ్ది మధ్యభాగంలో అమెరికా శాస్త్రజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుదావేశాన్ని నిలువచేసే గాజుజాడీలను వరుసగా కలిపి, ఆ అమరికకు ఈ పేరు వాడాడు. 1800లో ఇటలీ దేశస్థుడైన అలెసాండ్రో వోల్టా జింకు, వెండి బిళ్లలను ఒకదానిమీద ఒకటి పేర్చి, వాటి నడుమ ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలను ఉంచి, నిరంతరంగా విద్యుత్తును పుట్టించే సాధనాన్ని లోకానికి ప్రకటించాడు. విద్యుత్ పీడనాన్ని కొలిచే ‘వోల్టు’ అనే ప్రమాణం ఆయన పేరు మీదుగానే ఏర్పడింది.

డిజిటల్ కెమెరా పుట్టుకలోనే బ్యాటరీ భారం కనిపిస్తుంది. 1975లో కొడాక్ సంస్థలో ఇంజనీరుగా ఉన్న స్టీవెన్ శాసన్ తొలి డిజిటల్ కెమెరా నమూనాను తయారుచేశాడు. అది సుమారు 3.6 కిలోల బరువుండేది. అందులో ఏకంగా 16 నికెల్-కాడ్మియం బ్యాటరీలు అమర్చవలసి వచ్చింది. అంత చేసినా అది తీసిన నలుపు తెలుపు చిత్రంలో 10,000 బిందువులు మాత్రమే ఉండేవి. ఆ ఒక్క చిత్రాన్ని క్యాసెట్ టేపు మీద నమోదు చేయడానికి 23 సెకన్ల కాలం పట్టేది.

కెమెరా జేబులో ఇమడాలంటే తక్కువ బరువులో ఎక్కువ శక్తిని నిలువచేసే ఘటం అవసరమైంది. ఆ అవసరాన్ని తీర్చినది లిథియం-అయాన్ బ్యాటరీ. 1970వ దశకంలో స్టాన్లీ విట్టింగ్‌హామ్ దీనికి బీజం వేశాడు. 1980లో జాన్ గుడెనఫ్ కోబాల్ట్ ఆక్సైడును ఉపయోగించి దాని వోల్టేజిని పెంచాడు. 1985లో జపాను దేశస్థుడు అకిరా యొషినో దానికి వాడుకకు అనువైన రూపం కల్పించాడు. 1991లో సోనీ సంస్థ దానిని విపణిలోకి తెచ్చింది. ఈ ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అప్పటికి గుడెనఫ్ వయస్సు 97 సంవత్సరాలు.

లోపల జరిగే పని

లిథియం-అయాన్ ఘటంలో ఒకవైపు గ్రాఫైటుతో చేసిన ఋణధ్రువం, మరొకవైపు లిథియం కలిసిన లోహపు ఆక్సైడుతో చేసిన ధనధ్రువం ఉంటాయి. రెండింటి నడుమ విద్యుద్విశ్లేష్య ద్రవం, అవి ఒకదానినొకటి తాకకుండా ఒక పలుచని పొర ఉంటాయి. కెమెరా పనిచేసేటప్పుడు లిథియం అయానులు ద్రవం గుండా ఋణధ్రువం నుండి ధనధ్రువానికి చేరుతాయి. అదే సమయంలో ఎలక్ట్రానులు బయటి తీగల గుండా ప్రయాణించి కెమెరాను నడిపిస్తాయి. ఛార్జి చేసినప్పుడు ఈ ప్రయాణం వెనుకకు జరుగుతుంది.

ఈ రాకపోకలు ఎన్నిసార్లయినా ఒకే తీరుగా సాగవు. ప్రతిసారీ లోపల జరిగే చిన్నచిన్న రసాయనిక మార్పులవల్ల కొంత లిథియం పనికిరాకుండా పోతుంది. కొన్ని వందలసార్లు నింపి ఖాళీచేసిన తరువాత బ్యాటరీ కొత్తదానివలె ఎక్కువసేపు నిలువలేదు. వాడకుండా పెట్టెలో ఉంచినా వయస్సు మాత్రం పైబడుతూనే ఉంటుంది.

కొన్ని చిన్న కెమెరాలలోను, విడిగా అమర్చే ఫ్లాషులలోను పెన్సిల్ సెల్లులు వాడతారు. దుకాణంలో దొరికే ఆల్కలైన్ సెల్లు వోల్టేజి 1.5. రీఛార్జి చేయదగిన నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లు వోల్టేజి 1.2. వోల్టేజి తక్కువైనా రెండవదే ఫ్లాషుకు మేలు. ఫ్లాషు ఒక్కసారిగా అధిక విద్యుత్తును కోరుతుంది. ఆల్కలైన్ సెల్లులో అంతర్నిరోధం ఎక్కువ కాబట్టి అంత వేగంగా విద్యుత్తును అందించలేదు. అయితే పాతతరం నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లులు ఊరకే ఉంచినా కొద్దివారాలలో చాలావరకు ఖాళీ అయ్యేవి. 2005లో సాన్యో సంస్థ ‘ఎనిలూప్’ పేరుతో తెచ్చిన సెల్లులు ఈ లోపాన్ని చాలావరకు తగ్గించాయి.

శక్తిని హరించే భాగాలు

కెమెరాలో శక్తి ఎక్కడ ఖర్చవుతుందో తెలిస్తే పొదుపు సులభమవుతుంది. చిత్రం తీసే క్షణం కంటె దానికి ముందు వెనుకల జరిగే వ్యవహారానికే ఎక్కువ విద్యుత్తు ఖర్చవుతుంది. వెనుకనున్న తెర వెలుగుతూ ఉండడం, తీసిన ప్రతి చిత్రాన్ని మళ్లీ మళ్లీ చూడడం, కటకం నిరంతరంగా ఫోకస్ వెదకడం, వైఫై, బ్లూటూత్, జి.పి.ఎస్. వంటివి ఆన్‌లో ఉండడం ఇందులో ముఖ్యమైనవి. కెమెరాలోనే అమర్చిన ఫ్లాషు, వీడియో చిత్రీకరణ మరింత ఆకలి గలవి.

కెమెరా నిర్మాణాన్ని బట్టి కూడా ఖర్చు మారుతుంది. డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో ఛాయాగ్రాహకుడు అద్దం ద్వారా ప్రతిఫలించిన అసలు కాంతినే కంటితో చూస్తాడు. ఆ చూపుకు విద్యుత్తు ఖర్చు దాదాపు లేదు. మిర్రర్‌లెస్ కెమెరాలో అద్దం ఉండదు. దృశ్యం కనిపించాలంటే సెన్సరు, ప్రాసెసరు, చిన్న తెర మూడూ నిరంతరంగా పనిచేయాలి. అంటే చూడడానికి కూడా మూల్యం చెల్లించాలి.

ఈ భేదం అంకెలలో స్పష్టంగా తెలుస్తుంది. 2017లో వచ్చిన నికాన్ డి850 అనే డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా ఒక బ్యాటరీతో 1,840 చిత్రాలు తీయగలదని తయారీదారులు ప్రకటించారు. 2018లో వచ్చిన సోనీ ఏ7 త్రీ అనే మిర్రర్‌లెస్ కెమెరాకు ప్రకటించిన సంఖ్య తెరను వాడినప్పుడు 710. నిజానికి రెండవదాని బ్యాటరీలోనే శక్తి ఎక్కువ. బ్యాటరీ ఎంత పెద్దది అనే ప్రశ్నతోపాటు దానిని తినే యంత్రం ఎటువంటిది అనే ప్రశ్న కూడా వేసుకోవాలని దీనివల్ల తెలుస్తుంది.

అంకెలను చదివే విధం

బ్యాటరీ మీద సాధారణంగా మూడు అంకెలు కనిపిస్తాయి. మొదటిది వోల్టులు. రెండవది మిల్లీ ఆంపియర్ అవర్లు. ఇది ఎంత విద్యుదావేశం నిలువ ఉన్నదో తెలుపుతుంది. మూడవది వాట్ అవర్లు. ఇది మొత్తం శక్తిని తెలుపుతుంది. మొదటి రెండు అంకెలను గుణించి వెయ్యితో భాగిస్తే మూడవది వస్తుంది. ఉదాహరణకు 7.2 వోల్టులు, 2,280 మిల్లీ ఆంపియర్ అవర్లు గల బ్యాటరీలో సుమారు 16.4 వాట్ అవర్ల శక్తి ఉంటుంది.

వేర్వేరు బ్యాటరీలను పోల్చేటప్పుడు మూడవ అంకెనే చూడాలి. లేకుంటే పొరపాటు జరుగుతుంది. ఒక విద్యార్థి 10,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకు కొన్నాడనుకుందాం. తన కెమెరా బ్యాటరీ 2,280 కాబట్టి దానిని నాలుగుసార్లకు పైగా నింపవచ్చునని అతడు భావించవచ్చు. కాని పవర్ బ్యాంకు లోపలి ఘటం 3.7 వోల్టులది. దానిలోని శక్తి 37 వాట్ అవర్లు మాత్రమే. ఒక పాత్ర నుండి మరొక పాత్రకు నూనె పోసేటప్పుడు కొంత అంటుకొని పోయినట్లు, ఛార్జి చేసేటప్పుడు కూడా కొంత శక్తి వేడిగా వృథా అవుతుంది. అందులో అయిదవ వంతు పోయిందనుకుంటే మిగిలేది సుమారు 30 వాట్ అవర్లు. అది ఆ కెమెరా బ్యాటరీని రెండుసార్లు నింపడానికి కూడా పూర్తిగా చాలదు.

కెమెరా పెట్టె మీద ముద్రించే చిత్రాల సంఖ్యకు కూడా ఒక ప్రాతిపదిక ఉన్నది. జపానులోని కెమెరా అండ్ ఇమేజింగ్ ప్రొడక్ట్స్ అసోసియేషన్, క్లుప్తంగా ‘సీపా’, 2003లో దీనికి ఒక పరీక్షాపద్ధతిని ఏర్పరచింది. దాని ప్రకారం 23 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత వద్ద 30 సెకన్లకు ఒక చిత్రం తీస్తారు. కెమెరాలో ఫ్లాషు ఉంటే రెండు చిత్రాలకు ఒకసారి దానిని వెలిగిస్తారు. పది చిత్రాలకు ఒకసారి కెమెరాను ఆపి మళ్లీ తెరుస్తారు.

అందరూ ఒకే కొలబద్దను వాడడంవల్ల ఒక కెమెరాను మరొకదానితో పోల్చడం సాధ్యమైంది. కాని ఎవరూ ఆ పరీక్షలో వలె ఫొటోలు తీయరు. పరుగుపందెంలో బొత్తామును వదలకుండా వరుసగా చిత్రాలు తీసేవారికి ప్రకటించిన సంఖ్యకంటె ఎన్నో రెట్లు ఎక్కువ లభించవచ్చు. ఒక పిట్ట కొమ్మ మీదినుండి ఎగిరే క్షణం కోసం తెరను గంటసేపు వెలిగించి ఎదురుచూసేవారికి అందులో సగం కూడా లభించకపోవచ్చు. కాబట్టి ప్రకటించిన సంఖ్యను పోలికకు మాత్రమే వాడుకోవాలి. దానిని హామీగా భావించరాదు. పూర్తిగా నింపిన బ్యాటరీతో మొదలుపెట్టి, అది అయిపోయేవరకు ఎన్ని చిత్రాలు వచ్చాయో రెండు మూడుసార్లు లెక్కించి చూసుకొంటే ఎవరి సంఖ్య వారికి తెలుస్తుంది. అదే నమ్మదగిన సంఖ్య.

ఎన్ని అదనపు బ్యాటరీలు?

అదనపు బ్యాటరీల సంఖ్యను నిర్ణయించడానికి మూడు విషయాలు తెలియాలి: రోజుకు తీసే చిత్రాలు ఎన్ని, ఒక బ్యాటరీకి వచ్చే చిత్రాలు ఎన్ని, మళ్లీ ఛార్జి చేసే అవకాశం ఎప్పుడు దొరుకుతుంది. తెలంగాణలోని మేడారం జాతరను ఉదాహరణగా తీసుకొని ఈ లెక్కను పరిశీలించవచ్చు.

ములుగు జిల్లా అటవీప్రాంతంలోని మేడారంలో సమ్మక్క సారలమ్మల జాతర రెండేండ్లకు ఒకసారి మాఘమాసంలో నాలుగు రోజులపాటు జరుగుతుంది. కన్నెపల్లి నుండి సారలమ్మ, చిలకలగుట్ట నుండి సమ్మక్క గద్దెలకు తరలివస్తారు. సమ్మక్క రాక కోసం లక్షలాది భక్తులు ఎదురుచూస్తారు. ఆ ఘట్టాన్ని చిత్రించలేకపోయినవారు మరల రెండేండ్లు వేచి ఉండవలసిందే.

ఒక ఛాయాగ్రాహకుడు అక్కడ రోజుకు 700 చిత్రాలు తీస్తాడని, అతని అనుభవం ప్రకారం ఒక బ్యాటరీకి 400 చిత్రాలు వస్తాయని అనుకుందాం. రోజుకు రెండు బ్యాటరీలు కావాలి. ప్రతి రాత్రి తప్పక ఛార్జి చేసుకొనే వసతి ఉంటే ఆ రెండింటికి తోడు ఒకటి అదనంగా, మొత్తం మూడు సరిపోతాయి. నాలుగు రోజులూ ఛార్జింగుకు అవకాశమే లేకపోతే మొత్తం 2,800 చిత్రాలకు ఏడు బ్యాటరీలు, ఆపద్ధర్మంగా మరొకటి, మొత్తం ఎనిమిది అవసరమవుతాయి. చేతిలోని పరికరం ఒకటే, తీసే చిత్రాల సంఖ్యా ఒకటే. ఛార్జింగు వసతిలోని భేదమే మూడును ఎనిమిది చేసింది. అంత ఖర్చు భరించలేనివారు పవర్ బ్యాంకుతో ఛార్జి అయ్యే కెమెరా ఉంటే దానిని ఆశ్రయించవచ్చు. లేదా తెర వాడకాన్ని తగ్గించి, ముఖ్యఘట్టం కోసం ఒక నిండు బ్యాటరీని ముట్టకుండా ఉంచుకోవచ్చు.

అదనంగా ఉంచిన ఆ ఒక్క బ్యాటరీ వ్యర్థం కాదు. పాతబడిన బ్యాటరీ సగం నిండుగా ఉన్నట్లు చూపించి హఠాత్తుగా ఆగిపోవచ్చు. ఒకటి ఎక్కడో జారిపోవచ్చు. ఒకటి ఛార్జి చేయడం మరచిపోయి ఉండవచ్చు. ఈ చివరి ప్రమాదాన్ని నివారించడానికి బ్యాటరీల మీద 1, 2, 3 అని అంకెలు వేసి వరుసగా వాడడం మంచిది. నిండినవి ఒక సంచిలో, అయిపోయినవి మరొక సంచిలో ఉంచితే హడావుడిలో తడబాటు ఉండదు. అన్నింటినీ వంతులవారీగా వాడినప్పుడు ఏది బలహీనపడిందో కూడా తెలుస్తుంది.

ఎండ, చలి

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి శీతకాలపు మంచుకు పేరుపొందింది. తెల్లవారుజామున అక్కడ మంచుతెరలను చిత్రించబోయిన వారికి బ్యాటరీ త్వరగా తగ్గినట్లు కనిపించవచ్చు. చలిలో ఘటంలోని రసాయనిక చర్య మందగించి అంతర్నిరోధం పెరుగుతుంది. శక్తి లోపల ఉన్నా బయటికి రాలేదు. అటువంటి బ్యాటరీని పారవేయనక్కరలేదు. చొక్కా లోపలి జేబులో శరీరపు వేడి తగిలేటట్లు కొంతసేపు ఉంచితే అది మళ్లీ కొంతవరకు పనిచేస్తుంది. హిమాలయయాత్రకు పోయేవారు అదనపు బ్యాటరీలను ఇట్లా ఒంటిని అంటిపెట్టుకొని ఉంచుతారు. సున్నా డిగ్రీలకంటె తక్కువ ఉష్ణోగ్రతలో మాత్రం బ్యాటరీని ఛార్జి చేయరాదు. అట్లా చేస్తే లిథియం లోహపు పొరగా పేరుకొని ఘటం శాశ్వతంగా దెబ్బతింటుంది.

చలి చేసే హాని చాలావరకు తాత్కాలికం. వేడి చేసే హాని శాశ్వతం. రెంటచింతల, రామగుండం వంటి ప్రాంతాల ఎండలు తెలుగువారికి తెలియనివి కావు. వేసవిలో తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులో బ్యాటరీని వదిలితే దాని ఆయుర్దాయం త్వరగా తరిగిపోతుంది. నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీకి వేడివల్ల కలిగే నష్టం మరింత ఎక్కువ. కొన్ని నెలలు వాడకుండా దాచిపెట్టవలసి వస్తే సుమారు సగం ఛార్జితో చల్లని, తేమలేని చోట ఉంచాలి. పూర్తిగా ఖాళీచేసి దాచడం కూడా ప్రమాదమే. వోల్టేజి మరీ దిగజారితే అది మళ్లీ ఛార్జికి నోచుకోదు. పూర్వపు నికెల్-కాడ్మియం బ్యాటరీలను పూర్తిగా ఖాళీచేసిన తరువాతనే ఛార్జి చేయాలనే నియమం ఉండేది. లిథియం-అయాన్ బ్యాటరీలకు ఆ నియమం వర్తించదు.

భద్రత, బాధ్యత

తక్కువ చోటులో ఎక్కువ శక్తిని బంధించిన వస్తువును జాగ్రత్తగా చూడాలి. విడి బ్యాటరీలను నాణేలు, తాళంచెవులు ఉన్న జేబులో వేసుకోరాదు. లోహం రెండు ధ్రువాలను కలిపితే విద్యుత్తు ఒక్కసారిగా ప్రవహించి బ్యాటరీ వేడెక్కుతుంది. మంట కూడా పుట్టవచ్చు. అందుకే ప్రతి బ్యాటరీకి దాని మూత తొడగాలి, లేదా విడివిడి సంచులలో ఉంచాలి. ఉబ్బిన బ్యాటరీని ఆ క్షణంనుండే వాడడం మానివేయాలి. దానిని పొడవడం, నొక్కడం, బలవంతంగా కెమెరాలోకి తోయడం ప్రమాదకరం.

విమానయానంలో దీనికి ప్రత్యేక నియమం ఉన్నది. విడి లిథియం బ్యాటరీలను విమానం అడుగున సామాను గదిలోకి పంపే పెట్టెలలో ఉంచరాదు, చేతిసంచిలోనే తీసుకొనిపోవాలి. సామాను గదిలో మంట పుడితే ఎవరూ వెంటనే చేరుకోలేరు. ప్రయాణికుల గదిలో అయితే సిబ్బంది తక్షణం ఆర్పగలుగుతారు. సాధారణంగా 100 వాట్ అవర్ల వరకు గల బ్యాటరీలకు ప్రత్యేక అనుమతి అవసరం లేదు. 100 నుండి 160 వాట్ అవర్ల మధ్య ఉన్నవాటికి విమానసంస్థ అనుమతి కావాలి. మామూలు కెమెరా బ్యాటరీలు ఈ పరిమితికి ఎంతో లోబడి ఉంటాయి. అయినా విడిగా తీసుకొనిపోదగిన వాటి సంఖ్య విషయంలో విమానసంస్థ నిబంధనలను ముందుగా చూసుకోవాలి.

అదనపు బ్యాటరీ కొనేటప్పుడు కేవలం ధరను చూడడం తగదు. నకిలీ బ్యాటరీలలో చెప్పిన సామర్థ్యం ఉండకపోవచ్చు. అధిక ఛార్జిని నివారించే రక్షణ వలయం కూడా లోపించవచ్చు. భారతీయ ప్రమాణాల సంస్థ లిథియం బ్యాటరీలకు ఐ.ఎస్. 16046 అనే ప్రమాణాన్ని నిర్దేశించింది. ఆ గుర్తు ఉన్నదో లేదో చూసి, నమ్మకమైన దుకాణంలో కొనడం మేలు. ఆయువు తీరిన బ్యాటరీని చెత్తకుండీలో వేయరాదు. దానివల్ల చెత్తబండిలో మంటలు రేగవచ్చు. అందులోని కోబాల్ట్, నికెల్, లిథియం వంటి విలువైన మూలకాలు కూడా వృథా అవుతాయి. భారత ప్రభుత్వం 2022లో తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారుల మీద ఉంచాయి. ఆ సేకరణకు వాటిని అప్పగించడం వాడుకదారుల విధి.

‘దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి’ అని తెలుగు సామెత. బ్యాటరీ విషయంలో ఇది అక్షరాలా వర్తిస్తుంది. కెమెరా తెర మీద ఎర్రగుర్తు మెరిసిన తరువాత చేయగలిగినది స్వల్పం. ముందురోజు రాత్రి అన్నింటినీ నింపుకోవడం, తన వాడకం ఎంతో లెక్కించుకోవడం, దానికి ఒకటి చేర్చి తీసుకొనిపోవడం, అయిపోయినదానిని వేరుగా ఉంచడం అనే నాలుగు అలవాట్లకు పెద్ద ఖర్చు లేదు. కొద్దిపాటి శ్రద్ధ చాలు. కళాకౌశలం ఎంత ఉన్నా, పరికరం ఎంత ఖరీదైనదైనా, ఆ శ్రద్ధ లేనివాడు ముహూర్తపు వేళకు ప్రేక్షకుడుగానే మిగిలిపోతాడు. పాథేయాన్ని సిద్ధం చేసుకొన్నవాడు ఆకలి చింత లేకుండా దారిని చూస్తూ నడుస్తాడు. నిండు బ్యాటరీ సంచిలో ఉన్న ఛాయాగ్రాహకుడు కూడా తన దృష్టిని బ్యాటరీ గుర్తు మీద గాక ఎదుటి దృశ్యం మీద నిలుపగలుగుతాడు.